పుల్లమ్మ ఎడమ బొటనవేలు

నేను మూడో తరగతి దాకే చదివాను. అందులోనూ మిరపకోతలప్పుడు బడికి పోయింది లేదు. వచ్చిన నాలుగక్షరాలూ మర్చిపోయాను. సంతకం మాత్రం ఎలీసమ్మగారు నేర్పింది. ఆవిడ మా పల్లెలో మిషను బడి టీచరమ్మ. నా భార్య రెబ్కాకి పిన్నమ్మ వరస. రెబ్కా తల్లి చిన్నప్పుడే పోతే తెచ్చి పెంచుకుంది. పెళ్లయ్యాక నన్ను కూడా ఆ ఇంట్లోనే ఉండమంది. ఒకరోజు పలక తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అప్పటికి నాకు ముప్పై దాటినయ్. నాగలి పట్టిన వేళ్లు బలపం పట్టలేక విరిచేసేవి.

"తోమా, వేలిముద్ర వేసేవాడి చెయ్యి ఇంకొకడు పట్టుకుంటాడు. సంతకం పెట్టేవాడి చెయ్యి వాడి చేతిలోనే ఉంటది" అనేది.

నెల పట్టింది. ఆ తర్వాత పల్లెలో ఎవరికి సంతకం కావాల్సి వచ్చినా నన్నే పిలిచేవాళ్లు. సొసైటీ కాగితాలకీ, గుడి రిజిస్టరుకీ నేనే. మాట్లాడటం నాకు చేతకాదు. సంతకం చేతనవును.

ఎలీసమ్మగారు పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు పుల్లమ్మ వల్లేనని అంటారు. పుల్లమ్మకి అయిదో ఏట జ్వరం వచ్చి మూడు వారాలు దిగలేదు. దిగేసరికి మాట పోయింది, బుద్ధి అక్కడే ఆగింది. ఇప్పుడు తల నెరిసింది. అన్నం కలిపి పెట్టాలి, నీళ్లు పొయ్యాలి, వాకిలి దాటితే చెయ్యి పట్టుకుని తీసుకురావాలి. ముప్పై ఏళ్లుగా ఆ పనులు రెబ్కా చేస్తుంది. నవ్వుతూ ఎవరు చెయ్యి చాపినా పుల్లమ్మ వాళ్ల వెంట వెళ్లిపోద్ది. అదే భయం.

ఆ ఇల్లూ, ఊరి పడమర ఎకరంన్నర రేగడి చేనూ ఎలీసమ్మగారివి. జీతంలో మిగిల్చి కొనుక్కుంది. చేను నేను చేసేవాణ్ణి. ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప. పంతొమ్మిదివందల ఎనభై నాలుగు చివర్లో ఆవిడకి ఆయాసం మొదలైంది. పది అడుగులు వేస్తే గోడ పట్టుకునేది. అప్పట్నుంచి ఒకటే మాట, నేను పోతే పుల్లి గతి ఏంటని.

"పుల్లమ్మ పేరునే పెట్టు పిన్నమ్మా. మేం ఎట్టాగూ చూసుకుంటాంగా" అంది రెబ్కా.

"దాని పేరున పెడితే ఎవడో ఒకడు బెల్లంముక్క చూపించి వేలు పట్టుకుంటాడు. ఆస్తి పోద్ది, తర్వాత అదీ పోద్ది. నీ పేరునే రాస్తాను. దాన్ని కడదాకా సాకాలని అందులోనే రాస్తాను."

ఆవిడకి నెత్తురు చుట్టం ఇంకొకడే ఉన్నాడు. చనిపోయిన తమ్ముడి కొడుకు మార్కు. ఒంగోల్లో ఒక ప్లీడరు దగ్గర ఇరవయ్యేళ్లుగా గుమాస్తా. పెళ్లాం ఊరు వేటపాలెం. ఈ మాట వింటే మార్కు గొడవకొస్తాడని పల్లెంతా అనుకున్నారు. వచ్చాడు. జీడిపప్పు పొట్లం తెచ్చి పుల్లమ్మ చేతిలో పెట్టి, అత్త మంచం పక్కన కూర్చున్నాడు.

"మంచి పని చేస్తున్నావత్తా. ప్లీడరు ఫీజు దేనికి, నేనే రాసిపెడతా" అన్నాడు.

అతను వెళ్లాక రెబ్కా చాట పక్కన పెట్టి నా వైపు చూసింది.

"పాము బుస కొడితే పక్కకి జరుగుతాం. ఇతనేంటి, బుస కూడా కొట్టడేం?"

నాకు అతను మర్యాదస్తుడిగానే కనిపించాడు.

ఫిబ్రవరిలో మధ్యాహ్నం పూట వచ్చి రాశాడు. మిరపకోతలు ముమ్మరంగా ఉన్నాయి, పల్లెలో మనిషి లేడు. పాస్టరుగారు కూడికలకని ఒంగోలు పోయి ఉన్నాడు. కాలు వాచి ఇంటిపట్టున ఉన్న సంఘపెద్ద యేసుపాదంగారిని మార్కే రెక్క పట్టి నడిపించుకొచ్చాడు. రాసింది నిదానంగా చదివి వినిపించాడు. ఒక్క అక్షరం మింగలేదు. నా తదనంతరం ఇల్లూ భూమీ రెబ్కాకు చెందవలెను, ఆమె నా చెల్లెలు పుల్లమ్మను ఆయుష్షు ఉన్నంతకాలం సాకవలెను. అంతే ఉంది. ఎలీసమ్మగారు కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ తను చదువుకుంది. తలూపి సంతకం పెట్టింది.

ఇద్దరు సాక్షులు కావాలన్నాడు మార్కు. యేసుపాదంగారు పెట్టాడు.

"ఇంకొకరికి సాయంత్రం దాకా ఆగుదామయ్యా. చేలోంచి వస్తారు. బుల్లయ్య కొడుకు పది చదివాడు" అన్నాడు యేసుపాదంగారు.

"ఆగేది దేనికి పెద్దయ్యా? తోమా అన్న ఇక్కడే ఉన్నాడుగా. ఆయన సంతకం అచ్చు గుద్దినట్టు ఉంటది. రేపు సాకేది ఎవరు? వీళ్లేగా. దేవుడి ముందు ఒప్పుకుని సంతకం పెట్టాల్సింది కూడా వీళ్లే."

ఎలీసమ్మగారి మొహం విప్పారింది. "నిజమేరా. సాకేవాడే సాక్షి" అంది.

మా గుళ్లో సాక్షి అంటే పెద్ద మాట. ఆదివారం లేచి నిలబడి దేవుడు తనకి చేసిన మేలు చెప్పేవాడు సాక్షి. నేను ఏనాడూ లేవలేదు. లేస్తే నోరు పెగలదు. ఆ రోజు లేవకుండానే సాక్షినయ్యానని సంతోషం వేసింది. మార్కు తన పెన్ను మూత తీసి ఇచ్చాడు. చాపమీద కూర్చుని, నాలిక మడిచిపెట్టి, పేరు మొత్తం రాశాను. మార్కు దానిమీద ఊదాడు.

అతని సంచీలో నీలం సిరా ప్యాడు ఉంది. అది ఇక్కడ ఎవరికీ పనికొచ్చేది కాదు, అందరం సంతకాలే పెట్టాం. పుల్లమ్మ దాన్ని చూసి చెయ్యి చాపింది. మార్కు నవ్వి, ఆమె ఎడమ బొటనవేలు ప్యాడుకి అద్ది, ఒక తెల్లకాగితం మీద నొక్కించాడు. పుల్లమ్మ చప్పట్లు కొట్టింది. మళ్లీ నొక్కించాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ కాగితం నీకెందుకు మార్కూ?" అంది రెబ్కా.

"అత్త గుర్తుగా వదినా. ప్యాడు ఉంచుకోమను, ఆడుకుంటది."

ఆ తర్వాత నెలకోసారి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా జీడిపప్పూ, ప్యాడులోకి కొత్త సిరా తెచ్చేవాడు. పుల్లమ్మ ఇంటినిండా ముద్రలు వేసింది. సున్నం గోడమీద, తలగడమీద, బైబిలు అట్టమీద, నా పంచె అంచున. రెబ్కా తడిగుడ్డతో తుడిచేది, పోయేవి కాదు. మార్కు గోడ దగ్గర వంగి ఒక్కొక్కటీ చూసేవాడు. "ఇది బాగా పడిందత్తా. ఇది చెదిరింది. నెమ్మదిగా నొక్కాలి" అని మళ్లీ చూపించేవాడు. పుల్లమ్మ నేర్చుకుంది. మార్కు సంచీ కనపడగానే కుడిచెయ్యి వెనక్కి పెట్టి ఎడమచెయ్యి చాపడం అలవాటైంది.

పై ఏడు ఫిబ్రవరిలో చేలో కొట్టే మందు డబ్బా కోసం దర్శి వెళ్లాను. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా పందిరి కింద సుభానీ కూర్చుంటాడు. స్టాంపు కాగితాలు అమ్ముతాడు, దస్తావేజులు రాస్తాడు. నాకు చాలా ఏళ్ల పరిచయం. టీచరమ్మ ఎట్టా ఉందని అడిగాడు. ఆయాసం ఎక్కువైందన్నాను. ఏదన్నా రాసిపెట్టిందా అన్నాడు. రాసింది, సాక్షి సంతకం నాదే అన్నాను. నా అంతట నేను గొప్పగా చెప్పుకున్న మాట అదొక్కటే.

సుభానీ రాస్తున్న కలం ఆపాడు.

"ఎవరికి రాసింది?"

"రెబ్కాకి."

"రెబ్కాకి రాస్తే నువ్వు సాక్షివా?" కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. "ఎంత పని చేశావన్నా. హిందువుల్లో అయితే ఇబ్బంది లేదు. మా తురకల్లో లెక్క వేరు. మీ కిరస్తానీలకి వేరే చట్టం ఉంది. వీలునామాలో ఒకళ్లకి ఇస్తే, ఆ మనిషి గానీ, ఆ మనిషి మొగుడు గానీ, పెళ్లాం గానీ సాక్షి సంతకం పెట్టకూడదు. పెడితే వాళ్లకిచ్చింది చెల్లదు."

"కాగితం చెల్లదా?"

"కాగితం చెల్లుద్ది. అందులో రెబ్కాకి ఇచ్చింది చెల్లదు. ఇంక అందులో ఏం మిగిలింది? వారసులకి పోద్ది. పుల్లమ్మకి సగం, మార్కుకి సగం."

నేను మందు డబ్బాని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"మార్కుకి తెలీదేమో" అన్నాను.

"ఇరవయ్యేళ్ల గుమాస్తా. అతనికి తెలీకపోతే ఇంక ఒంగోల్లో ఎవరికీ తెలీదు." మెల్లగా అన్నాడు సుభానీ. "దానికేం భయంలేదులే. ఆవిడ ఉందిగా, తెలివి ఉందిగా. కబురు చెయ్యి. నేనే వచ్చి ఇంకోటి రాస్తా. బయటి సాక్షులు ఇద్దరుంటే గంట పని."

గంట పని. బస్సులో అదే అనుకుంటూ వచ్చాను.

ఇంటికొచ్చేసరికి ఎలీసమ్మగారు వసారాలో దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. పలకరించడానికి వచ్చిన కోటిరత్నానికి చెబుతుంది. "నాకింక బెంగ లేదే. తోమా సాక్షి. ఆ చేత్తో బలపం పట్టించింది నేనే." నన్ను చూసి నవ్వింది.

ఆ సంతకమే కొంప ముంచిందని ఆవిడతో ఎట్టా చెప్పను? రేపు చెబుదామనుకున్నాను. రేపు మిరపకాయ కల్లంలోకి చేరింది. ఎల్లుండి మబ్బు పట్టింది, కల్లంమీద టార్పాలిన్ పట్టాలు కప్పాం. తర్వాత గుంటూరు మిర్చి యార్డుకి పోయే లారీ వచ్చింది, దాని వెంట వెళ్లాను. తిరిగొచ్చి చెబుదామనుకున్నాను. రెబ్కాకైనా చెప్పొచ్చు. చెప్పలేదు. పదకొండు రోజులు పోయినయ్.

పన్నెండో రోజు పొద్దున జావ తాగుతూ తాగుతూ ఎలీసమ్మగారు గ్లాసు వదిలేసింది. రెబ్కా పట్టుకునేలోపే పోయింది. పుల్లమ్మ పక్కన కూర్చుని కిందపడ్డ జావలో వేలు ముంచి నేలమీద ముద్రలు వేస్తుంది.

సమాధి చేశాం. చావింటి వాళ్లని ఓదార్చే ఆదరణ కూటం నాడు మార్కు అందరికీ విస్తళ్లు వేశాడు, తనే వడ్డించాడు. జనం వెళ్లాక కాళ్లు కడుక్కుని వచ్చి చాపమీద కూర్చున్నాడు.

"అన్నా, వదినా, ఒక మాట. ఆ వీలునామా మా ప్లీడరుగారికి చూపించా. చిన్న తిరకాసు పడింది" అంటూ, సుభానీ చెప్పిందే, ఇంచుమించు అవే మాటల్లో చెప్పాడు. "తోమా అన్న సాక్షి సంతకం పెట్టకుండా ఉంటే బాగుండేది. మనకేం తెలుసు?"

"పెట్టమంది నువ్వే" అంది రెబ్కా.

"నేనూ మనిషినేగా వదినా." అతని గొంతు కొంచెం కూడా మారలేదు. "ఇప్పుడు సగం నాది, సగం పుల్లత్తది. అత్తకి లోకం తెలీదు. తన సగం నాకు రాసిస్తే ఆమె మంచీచెడూ నేను చూసుకుంటా. మీరెక్కడికీ పోవద్దు. ఇంట్లో ఉండండి, చేను చేసుకోండి. అత్త మీ దగ్గరే ఉంటది. దర్శి ఆఫీసులో వేలిముద్ర వేయించాలి. ఈమె ఫలానా అని చెప్పడానికి గుర్తింపు సాక్షులు కావాలి. ఒకణ్ణి నేను తెచ్చుకుంటా. రెండోది నువ్వు పెట్టన్నా. సంతకం వచ్చినవాడివి."

బుధవారం కారు తెస్తానని చెప్పి వెళ్లాడు.

రెబ్కా మిగిలిన విస్తళ్లు ఎత్తి బయట పారేసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అతను చెబుతుంటే నువ్వు ఉలికిపడలేదు. నీకు ముందే తెలుసా?"

దాచలేకపోయాను. సుభానీ మాట చెప్పాను. పదకొండు రోజులూ చెప్పాను.

"ఊళ్లో అందరికీ సంతకం పెట్టావు. నాకొక్క మాట పెట్టలేకపోయావు" అంది. ఏడవలేదు. లేచి పుల్లమ్మ చేతి సిరా కడగడానికి బకెట్టు తెచ్చింది.

బుధవారం పొద్దున తెల్ల అంబాసిడరు వచ్చింది. నేను రానని చెప్పాలనుకున్నాను. రెబ్కా నన్ను పెరట్లోకి పిలిచింది.

"నువ్వు పోకపోతే డబ్బులిచ్చి ఇంకొకణ్ణి తెచ్చుకుంటాడు. వాడు సంతకం పెట్టేస్తాడు. ఒక్కసారి ఆ వేలు పడ్డాక ఆమెతో అతనికేం పని? నాలుగు మెతుకులు కూడా దండగ అనిపిస్తది. నువ్వు వెళ్లు. వెళ్లి అక్కడన్నా నోరు తెరువు. తెరిచి ఆమెని తీసుకురా."

పుల్లమ్మకి తలదువ్వి, మడత చీర కట్టి, కారెక్కించింది. "పొద్దుగూకేలోపు రండి. నీళ్లు కాచి ఉంచుతా" అంది.

కారులో పుల్లమ్మ మధ్యన కూర్చుంది. ఒళ్లో ప్యాడు. మార్కు జీడిపప్పు ఒక్కొక్కటే ఆమె నోటికి అందిస్తున్నాడు. కిటికీ బయట కల్లాల మీద ఎండిన కాయ ఎర్రగా పరిచి ఉంది. ఘాటుకి డ్రైవరు దగ్గాడు.

"మనింట్లో వాళ్లం మనం. కలిసుంటే అందరం బాగుంటాం అన్నా" అన్నాడు మార్కు. నేను నా చేతులు చూసుకున్నాను.

ఆఫీసులో సబ్ రిజిస్ట్రారు పెద్దాయన. దస్తావేజు తిరగేసి, పుల్లమ్మని పేరు అడిగాడు. పుల్లమ్మ నవ్వి, కుడిచెయ్యి వెనక్కి పెట్టి, ఎడమ బొటనవేలు చాపింది. గదిలో గుమాస్తాలు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"ఈవిడ నీకు తెలుసా?" అని నన్ను అడిగాడు.

"తెలుసండీ."

"పెట్టు సంతకం."

మార్కు పెన్ను మూత తీసి అందించాడు. పోయినేడు ఇచ్చిన పెన్నే. నేను తీసుకోలేదు. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"ఈమెకి అయిదేళ్ల పిల్ల బుద్ధండి. ఏం వేస్తుందో తెలీదు. ఆ వేలు చాపడం నేర్పింది ఇతనే. సంవత్సరం పట్టి నేర్పాడు. నేను సంతకం పెట్టనండి."

అంత పొడుగు మాట నేనెప్పుడూ మాట్లాడలేదు. రిజిస్ట్రారు కాగితాలు మడిచి మార్కు ముందుకి తోశాడు.

"గుమాస్తావి, నీకు తెలీదా ఇది? మతి సరిగాలేని మనిషి చేత రాయించకూడదు. జిల్లా కోర్టుకి పో. ఈవిడకి గార్డియన్ని వేస్తారు. ఆ ఆర్డరు పట్టుకుని రా."

"అలాగేనండి" అన్నాడు మార్కు. మొహంలో ఏమీ లేదు. ప్యాడు మూత పెట్టాడు, పుల్లమ్మ చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు.

ఎండ మండిపోతుంది. నాకు తేలిగ్గా ఉంది. రెబ్కాకి ఏం చెప్పాలో మాటలు వెతుక్కుంటున్నాను. సుభానీ పందిరి కిందనుంచి నన్ను చూసి చెయ్యెత్తాడు.

మార్కు పుల్లమ్మని కారులో కూర్చోబెట్టాడు. పుల్లమ్మ నా జేబు పట్టుకుని లాగింది, ఊ ఊ అంది. వదిలించుకుని చెంప నిమిరాను.

"ఎండదెబ్బ తగిలేట్టుంది అత్తకి. ఒక సోడా తీసుకురా అన్నా, తాగించి బయల్దేరదాం" అన్నాడు మార్కు.

సోడా బండి పది గజాల్లోనే ఉంది. సోడా కొట్టించుకున్నాను. గోలీ లోపలికి దిగి బుస్సుమంది. తిరిగి చూసేసరికి కారు కదులుతుంది. మా పల్లె కురిచేడు రోడ్డున ఉంది. కారు ఒంగోలు వైపు తిరిగింది. వెనక అద్దంలో పుల్లమ్మ తల, పక్కన మార్కు తల. పుల్లమ్మ ఎందుకో చప్పట్లు కొడుతుంది.

సోడా చేత్తో పట్టుకునే కొంతదూరం పరిగెత్తాను. అరవయ్యేళ్లు దాటిన కాళ్లు.

సుభానీ వచ్చి నన్ను పందిరి కిందికి తీసుకొచ్చాడు. జరిగింది విన్నాడు.

"గార్డియను అన్నాడా ఆయన?"

"అన్నాడు."

"మనిషి ఎవరి చేతిలో ఉంటే కోర్టు ముందు వాళ్ల మాటే వింటదన్నా. ఇప్పటిదాకా ఆమె మీ దగ్గరుంది. రెబ్కా ఆమెకి నెత్తురు చుట్టం కాదు. అతను మేనల్లుడు. రేపు పొద్దున్నే ఒంగోలు పోదాం. నాకు తెలిసిన ప్లీడరు ఉన్నాడు. అర్జీ పెడదాం. వేటపాలెంలో ఉంచుతాడా, ఇంకెక్కడన్నా పెడతాడా, అది ముందు తెలుసుకోవాలి."

నేను తలూపాను. నా చొక్కా జేబుమీద నీలం ముద్ర ఉంది. పొద్దున కారులో వచ్చేటప్పుడు నొక్కినట్టుంది. చెదరలేదు. గీత గీతా పడింది.

బస్సు దిగి పల్లెలోకి నడిచాను. పొద్దు ఇంకా గూకలేదు. రెబ్కా వాకిట్లో నిలబడి, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని చూస్తుంది. చింతచెట్టు మలుపులో నేను కనపడగానే రెండడుగులు ముందుకేసింది. తర్వాత నా వెనక చూసింది. ఇంకా వెనక్కి చూసింది. అక్కడే ఆగిపోయింది.

పెరట్లో పొయ్యిమీద పుల్లమ్మకి పెట్టిన నీళ్లు కాగుతున్నాయి.